సీసా వెంట వచ్చిన మామ్మగారు

సాయంత్రం నాలుగింటికి రత్నకుమార్ ఇంటికొచ్చి, బూట్లు తలుపు బయట విప్పి, మోచేతుల దాకా సబ్బు రాసి కడుక్కుని, స్టవ్ మీద టీ పడేస్తాడు. లైప్‌జిగ్‌ అనే జర్మనీ ఊళ్ళో పాత మేడలకి తగిలించిన లిఫ్టులు బాగుచేయడం అతని పని. పొద్దున్నే ఆరింటికి మొదలవుతుంది కాబట్టి నాలుక్కల్లా అయిపోతుంది. భార్య మేరీకుమారి ఐదున్నరకి గాని రాదు. పదమూడేళ్ళ కూతురు సిల్వీ బడి నించి అటే వాలీబాల్‌కి పోతుంది. మధ్యలో ఆ గంటన్నర ఇల్లంతా అతనిదే. అతనిదీ, మామ్మగారిదీ.

"వచ్చానండి మామ్మగారూ" అంటాడు టీ వడపోస్తూ.

వంటింటి కిటికీ పక్కన కుర్చీలో కూర్చున్న మామ్మగారు తల ఆడిస్తుంది. నల్ల గౌను, తలకి తెల్ల గుడ్డ, కాళ్ళకి చెక్క బూట్లు. ఆ బూట్లకి అంటిన ఎర్రమట్టి ఎన్ని నెలలైనా ఎండలేదు. నడుముకి ఇనప తాళాల గుత్తి. రత్నకుమార్ రెండు కప్పుల్లో టీ పోసి ఒకటి ఆవిడ ముందు పెడతాడు. ఆవిడ తాగదు. చల్లారాక ఆ కప్పు కూడా అతనే తాగేస్తాడు. పెద్దావిడ ఎదురుగా ఒక్కడే తాగడం మర్యాద కాదని అతని ఉద్దేశం. ఆవిడ చూపు మాత్రం టీ మీదా ఉండదు, అతని మీదా ఉండదు. ఎదురు అల్మారాలో, ఆవాల డబ్బాకీ పసుపు డబ్బాకీ మధ్య నిలబెట్టిన సీసా మీద ఉంటుంది.

ఆ సీసా ఈ ఇంటికి ఎలా వచ్చిందో చెప్పాలి.

మేరీకుమారి పనిచేసే వృద్ధాశ్రమంలో ఫ్రౌ లిండ్నర్ అని తొంభై ఒక్కేళ్ళ ఆవిడ ఉండేది. ఆవిడ గదిలో రెండు కుర్చీలు. ఒకదాంట్లో ఆవిడ, ఇంకోదాంట్లో ఈ నల్ల గౌను మామ్మ. చేరిన కొత్తలో మేరీకుమారి ఇద్దరికీ సూపు పట్టుకెళ్ళేది. రెండో గిన్నె ఎలా వెళ్ళిందో అలాగే వెనక్కి వచ్చేది. ఒకరోజు కాళ్ళకి నూనె రాయించుకుంటూ ఫ్రౌ లిండ్నర్ సంగతంతా చెప్పింది. ఆమెకి ఐదేళ్ళప్పుడు, రెండో ప్రపంచ యుద్ధంలో, జర్మన్ సైన్యంతో ఫ్రాన్స్ వెళ్ళిన వాళ్ళ నాన్న సెలవు మీద ఇంటికొచ్చాడు. సంచిలో ఒక రెడ్ వైన్ సీసా ఉంది. 1928 నాటిది. బోర్డో అవతల ఆరు తరాలుగా ఒకే కుటుంబం చేతిలో ఉన్న ద్రాక్షతోటలోది. ఆ ఇంటి నేలమాళిగ తాళం పగలగొట్టి తెచ్చుకున్నాడు. ఆయన వచ్చిన మూడో రోజున ఆ తోట పెద్దావిడ చెక్క బూట్లతో నడుచుకుంటూ వచ్చేసింది. తలుపు తీస్తే లోపలికొచ్చి సీసా పక్కన కూర్చుంది. అప్పటికి ఆవిడ బతికుందో పోయిందో ఎవరూ అడగలేదు. పిలవకుండా వచ్చిన చుట్టాన్ని అలా అడగడం బాగుండదు కదా.

"నాన్న ఆ సీసా తెరవలేకపోయాడు" అంది ఫ్రౌ లిండ్నర్. "ఆవిడ ఒక్క మాటైనా అనలేదు. అనుంటే బాగుండేది. చచ్చేదాకా ఆయన ఆ గదిలోకి వెళ్ళలేదు. నేనూ తెరవలేదు. ఎప్పుడు తెరవాలో ఆవిడే చెబుతుంది, నాకు చెప్పలేదు."

మే నెలలో ఫ్రౌ లిండ్నర్ పోయింది. గది ఖాళీ చెయ్యడానికి వచ్చిన మేనల్లుడు బట్టలు ఒక సంచిలో, ఫొటోలు ఒక సంచిలో వేసుకుని, సీసా వంక చూసి, కుర్చీలో మామ్మ వంక చూసి, "ఈ రెండూ మీరు తీసుకుంటారా సిస్టర్? మా ఫ్లాట్ చిన్నది" అన్నాడు. అక్కడ పనిచేసేవాళ్ళు కానుకలు పుచ్చుకోకూడదని రూలు. మేరీకుమారి ఆఫీసులో అడిగితే, మేనేజరమ్మ రెండు కాగితాలు తిరగేసి, గదిలోంచి తీసుకెళ్ళిన వస్తువుల జాబితాలో 'పాత సీసా ఒకటి, తోడు ఒకరు' అని రాసి సంతకం పెట్టించుకుంది. ట్రామ్‌లో మేరీకుమారి టిఫిన్ సంచిలో సీసా పెట్టుకుని కూర్చుంటే, మామ్మగారు ఎదురు సీట్లో కూర్చుంది. టికెట్లు చూసేవాడు వచ్చి, ఆవిడ బూట్ల మట్టి చూసి, పక్కనించి జాగ్రత్తగా దాటుకుని వెళ్ళిపోయాడు.

సీసా చూడగానే రత్నకుమార్ మొహం పాలిపోయింది.

"ఇంట్లోకి ఎందుకు తెచ్చావు మేరీ? నా సంగతి నీకు తెలుసు కదా."

తెలుసు. రత్నకుమార్ ఒకప్పుడు తాగేవాడు. సరదాకి కాదు, పొద్దున్నే పళ్ళు తోముకోకముందే. వాళ్ళ నాన్న పోయిన ఏడు మానేశాడు. పదకొండేళ్ళు. సిల్వీకి వాళ్ళ నాన్న తాగుబోతని వినికిడి కూడా లేదు.

"కింద కెల్లర్‌లో పెట్టేద్దాం లెండి" అంది మేరీకుమారి.

సైకిళ్ళూ, పాత పరుపులూ పడేసే నేలమాళిగ అది. మామ్మగారు సీసా వెంట అక్కడికీ దిగింది. మూడు రోజులు చీకట్లో నిలబడే ఉంది. రెండో రోజున మేడ బాగోగులు చూసే హౌస్‌మైస్టర్ వచ్చి, సైకిళ్ళ దారికి మనుషులు అడ్డంగా నిలబడకూడదని నోటీసు అంటించి వెళ్ళాడు. మూడో రోజు అన్నం ముందు కూర్చున్న మేరీకుమారి ముద్ద ఎత్తలేకపోయింది.

"పెద్దావిడండీ. కింద నేలంతా చెమ్మ. మోకాళ్ళు పట్టేస్తాయి. పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళ అమ్మలకి మందులేసొచ్చి, మనింటికొచ్చినావిణ్ణి కెల్లర్‌లో పెట్టానంటే నాకు ముద్ద దిగదండీ. పదకొండేళ్ళు ఆగినోరు, ఒక్క సీసాకి పడిపోతారేంటి?"

రత్నకుమార్ అన్నం ముందునించి లేచి, తనే దిగి సీసా పైకి తెచ్చాడు. వెనక మెట్ల మీద చెక్క బూట్ల చప్పుడు ఒక్కొక్కటిగా ఎక్కింది. హౌస్‌మైస్టర్ కింద కాలింగ్ బెల్ దగ్గర వీళ్ళ పేరు కింద ఇంకో పట్టీ బిగించాడు. పేరు అడిగితే ఎవరికీ తెలీదు కాబట్టి పట్టీ ఖాళీగానే ఉంది.

సిల్వీకి మాత్రం ఆవిడ పైకొచ్చిన రెండో రోజుకే 'ఓమా', అంటే జర్మన్ మామ్మ, అయిపోయింది. ఆవిడ పక్కన నేల మీద కూర్చుని హోంవర్కు రాసుకునేది. సీసా మీద చిరిగిన లేబుల్‌లో రెండు రాతి బురుజుల గేటు బొమ్మ ఉంటే, ఫోన్‌లో వెతికి ఆ తోట పట్టుకుంది కూడా. గేటు అలాగే ఉంది. ఆ కుటుంబం వాళ్ళే ఇంకా నడుపుతున్నారు. ఫ్రెంచి నేర్చుకుంటున్నది కదా, కూర్చుని ఒక ఉత్తరం రాసింది: మీ సీసా, మీ మామ్మ మా ఇంట్లో ఉన్నారు, పంపించమంటారా అని. పది రోజులకి జవాబొచ్చింది. సిల్వీ అన్నం తింటూ చదివి వినిపించింది. 'సీసాలు మాకు చాలా ఉన్నాయి. మామ్మ ఒక్కతే. ఎక్కడ ఉండాలో, దాన్ని ఎవరి బల్ల మీద తెరవాలో ఆవిడ చూసుకుంటుంది. మీ అమ్మగారు పెట్టే కుర్చీకి కృతజ్ఞతలు.'

"గుట్" అంది సిల్వీ ఫోన్ పక్కన పెట్టి. "అయితే ఓమా ఇక్కడే."

రత్నకుమార్ మజ్జిగ పోసుకున్నాడు.

లైప్‌జిగ్‌లో తెలుగు లూథరన్లు ఇరవై ఐదు మంది దాకా ఉంటారు. నర్సులు, సాఫ్ట్‌వేర్ వాళ్ళు, చదువుకోవడానికి వచ్చిన పిల్లలు. కాట్‌బస్ నించి అఖిల్ అనే కుర్రాడు రెండు రైళ్ళు మారి వస్తాడు. నెలలో మొదటి ఆదివారం ఒక జర్మన్ చర్చి వెనక హాల్లో ఆరాధన. యూనివర్సిటీలో పరిశోధన చేసుకునే శశికాంత్ గారే పాస్టరు. ప్రభు సంస్కారానికి, అంటే ప్రభువు పేర బల్ల మీద పెట్టిన రొట్టె, రసం అందరూ పంచుకునే ఆచారానికి, ద్రాక్షరసం మేరీకుమారి చేసి తెస్తుంది. నల్ల ద్రాక్ష, పంచదార, రెండు లవంగాలు వేసి మరిగించి, పల్చటి గుడ్డలో వడకట్టి. వాళ్ళ నరసాపురం వైపు అలాగే చేస్తారు. డబ్బాలో రసం ఆవిడకి పనికిరాదు.

ఆ రసం చిన్న చిన్న కప్పుల్లో అందరికీ అందేటప్పుడు రత్నకుమార్ వెనక వరసలో, తలుపు పక్కన కుర్చీలో తల దించుకుని కూర్చుంటాడు. ముట్టుకోడు. తాగుడు మానేసిన మొక్కు వల్ల అని అందరూ అనుకుంటారు. మత్తు లేని రసానికి ఆ పట్టింపు ఏంటని కొందరికి అనిపిస్తుంది గాని, మొక్కు మొక్కే కదా అని ఊరుకుంటారు. మేరీకుమారి కూడా అలాగే ఊరుకుంది.

సెప్టెంబర్ ఆరాధన అయ్యాక హాలు తాళంచెవి సంగతి వచ్చింది. ఇన్నాళ్ళూ చెవి వాళ్ళలోనే భావన అనే అమ్మాయి దగ్గర ఉండేది. ఆమెకి పాడర్‌బోర్న్‌లో ఉద్యోగం వచ్చింది.

"రత్నం అన్నయ్యకి ఇచ్చేద్దామండి" అంది భావన. "లిఫ్టులే నమ్మి వదిలేస్తున్నారు ఈ ఊరోళ్ళు. మన తలుపెంత?"

అందరూ నవ్వారు. రత్నకుమార్ నవ్వలేదు. "తాళాలు నాకొద్దండి" అన్నాడు. అన్న తీరుకి నవ్వు ఆగిపోయింది. "ఇంకెవరికైనా ఇవ్వండి. నాకు మాత్రం వద్దు."

ఇంటికొచ్చేదారిలో మేరీకుమారి అడిగింది. "ఎందుకండీ అంత కటువుగా అనేశారు? అంత అభిమానంగా ఇస్తానంటే."

అతను ట్రామ్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ఎందుకో అతనికి తెలుసు. ఇంకెవరికీ తెలీదు.

సెప్టెంబర్ నెలాఖరుకి మామ్మగారిలో ఏదో మార్పు వచ్చింది. కుర్చీలో కుదురుగా కూర్చునేది కాదు. కిటికీ దగ్గరికి వెళ్ళి పడమటి వైపు చూసేది. తాళాలు గలగలలాడేవి. ఆవిడ వేళ్ళు గోళ్ళ దాకా ఊదారంగుకి తిరిగాయి. అల్మారాలో సీసా ముట్టుకుంటే జ్వరం వచ్చిన పిల్ల నుదురులా వెచ్చగా ఉండేది. ఇల్లంతా పులిసిన తీపి వాసన. మేరీకుమారికి ఆ వాసన బాగుండేది. సిల్వీ కూడా బాగుందనేది. రత్నకుమార్‌కి మాత్రం నాలుగింటికి తలుపు తియ్యగానే గొంతు ఎండిపోయేది. నాలుక కింద నీళ్ళు ఊరేవి. పదకొండేళ్ళ కిందట చచ్చిపోయిందనుకున్న దాహం, లిఫ్టు గోతిలో కింద ఎక్కడో ఇరుక్కున్న బొక్కెనలా, తాడు లాగగానే పైకి రావడం మొదలుపెట్టింది.

ఒక మంగళవారం అతను పని నించి వస్తూ బిరడా తీసే స్క్రూ ఒకటి కొనుక్కొచ్చాడు. ఎందుకు కొన్నావని ఎవరైనా అడిగితే, లిఫ్టు పనికి అని చెప్పేవాడు. టీ పెట్టలేదు. సీసా తీసి బల్ల మీద పెట్టి, ఎదురుగా కూర్చున్నాడు. స్క్రూ పక్కన పెట్టుకున్నాడు.

మామ్మగారు ఆపలేదు. లేచి వెళ్ళి అల్మారాలోంచి రెండు గాజుగ్లాసులు తెచ్చింది. ఒకటి అతని ముందు, ఒకటి తన ముందు పెట్టుకుంది. కూర్చుని, ఎనభై ఆరేళ్ళుగా సీసా వంకే చూసిన ఆవిడ, మొదటిసారి అతని వంక చూసింది. కోపం లేదు, జాలి లేదు. ఊరికే చూసింది.

"అలా చూడకండి మామ్మగారూ" అన్నాడు రత్నకుమార్. ఆవిడకి తెలుగు రాదు. అందుకే చెప్పగలిగాడేమో. "మీకు కావలసిన దొంగ నేను కాదు. నేను వేరే దొంగని."

అప్పుడు చెప్పాడు, పదకొండేళ్ళలో మొదటిసారి.

వాళ్ళ నాన్న ఊళ్ళో చర్చికి గంట కొట్టే మనిషి. తాళంచెవి ఆయన దగ్గరే ఉండేది. రోజూ తలుపేసి తాళాన్ని రెండుసార్లు లాగి చూసేవాడు. ఒకసారి తాళం కోసం, రెండోసారి నా తృప్తి కోసం అనేవాడు. ముప్పై రెండేళ్ళ సేవలో ఒక్క కొవ్వొత్తి ముక్క పోలేదు. ఈస్టర్ ముందు శనివారం మధ్యాహ్నం ఆయన నిద్రపోతుంటే, రత్నకుమార్ దిండు కిందనించి తాళంచెవి తీసి, చర్చి వెనక గదిలో సంస్కారం కోసం దాచిన ద్రాక్షారసం సీసా తీసుకుని, అక్కడే నేల మీద కూర్చుని ఖాళీ చేశాడు. ఖాళీ సీసా కాలవలో పడేసి, చెవి దిండు కింద పెట్టేశాడు. మర్నాడు పండగ పూట బల్ల మీద పెట్టడానికి ఏమీ లేదు. తాళం పగల్లేదు. పెద్దలు పిలిచి అడిగారు. "చెవి నా దగ్గరే ఉంది" అన్నాడు నాన్న. ఇంకో మాట అనలేదు. చెవి బల్ల మీద పెట్టేసి వచ్చేశాడు. ఇంట్లో గుమ్మం దగ్గర కొడుకు మొహం ఒకసారి చూశాడు. చూసినవాడికి అర్థమైంది, చూపించుకున్నవాడికీ అర్థమైంది. ఆరు నెలలకి పోయాడు. దొంగ అనే పేరుతోనే పోయాడు.

"మీరు ఒక్క సీసా కోసం ఇంత దూరం నడిచొచ్చారు" అన్నాడు రత్నకుమార్. కళ్ళు తుడుచుకోలేదు. "మా నాన్న నా వెనక ఒక్క రోజు కూడా రాలేదండి. వచ్చి ఇలా ఎదురుగా కూర్చున్నా బాగుండేది."

మామ్మగారు నడుము దగ్గర గుత్తిలోంచి ఒక చెవి విడదీసి అతని ముందు పెట్టింది. తుప్పు పట్టిన పెద్ద ఇనప చెవి. రత్నకుమార్ కాసేపు చూసి, వేలితో మెల్లగా ఆవిడ వైపు తోసేశాడు. స్క్రూ తీసుకెళ్ళి చెత్తలో వేశాడు. తర్వాత టీ పెట్టాడు. ఆ రోజుకి సీసా గెలవలేదు, అతనూ గెలవలేదు. మర్నాడు మళ్ళీ నాలుగవుతుంది. ఈ ఇంట్లో తను ఇంకెన్నాళ్ళు ఆగగలడో అతనికే తెలీలేదు.

అక్టోబర్ మొదటి ఆదివారం కోత పండగ. ఆరాధనకి గుమ్మడికాయలు, గోధుమ వెన్నులు తెచ్చి బల్ల చుట్టూ పేరుస్తారు. మేరీకుమారి శుక్రవారం డ్యూటీలో నడుం విరిగి, ద్రాక్ష శనివారం కొందాంలే అనుకుంది. శనివారం పొద్దున్నే సంచి పట్టుకుని వెళ్తే టర్కీ కొట్టు మూసుంది. దాని పక్కదీ మూసుంది. ఈ దేశం రెండు ముక్కలు కలిసిన రోజట, అక్టోబర్ మూడు. ఏడేళ్ళుగా ఇక్కడున్నా మేరీకుమారి ఆ సెలవు ప్రతీ ఏడూ మర్చిపోతుంది. జర్మనీలో సెలవంటే ఉప్పురాయి కూడా పుట్టదు. స్టేషన్‌లో తెరిచున్న కొట్టుకి పరిగెత్తితే పచ్చ ద్రాక్ష ఉంది. నల్లది ఒక్క గుత్తీ లేదు.

"పచ్చ రసం బల్ల మీద పెడతామా అండీ" అంటూ ఉసూరుమని వంటింట్లో కూలబడింది. "ఐదేళ్ళలో ఒక్కసారి తప్పలేదు. పండగ పూట ఇలా చేశానేంటి."

రత్నకుమార్ గుమ్మంలో నిలబడ్డాడు. పండగ పూట ఖాళీగా ఉన్న బల్ల.

అప్పుడు మామ్మగారు లేచింది. అల్మారా దగ్గరికి వెళ్ళి, సీసా రెండు చేతులతో తీసుకుని, తెచ్చి స్టవ్ పక్కన పెట్టింది. పెట్టి ఒకడుగు వెనక్కి వేసింది.

మేరీకుమారి సీసానీ ఆవిడనీ మార్చి మార్చి చూసింది. "ఇదా మామ్మగారూ? ఇస్తారా?" అంది. మామ్మగారు తలూపింది.

వైన్ గురించి కాస్త తెలిసినవాడు ఎవడైనా ఆ వంటింట్లో ఉంటే, తర్వాత జరిగింది చూసి మూర్ఛపోయేవాడు. మేరీకుమారి కూరగాయల కత్తితో లక్క గీకి, పొడిపొడిగా రాలిన బిరడాని చెంచాతో తీసేసి, తొంభై ఎనిమిదేళ్ళ వైన్‌ని పప్పు వండుకునే స్టీలు గిన్నెలో వంచేసింది. లవంగాలు రెండు వేసింది. స్టవ్ పెద్దది చేసింది.

"మూత లేకుండా అరగంట మరిగితే మత్తంతా పోద్దండి" అంది మొగుడితో. "మీరు భయపడకండి. మిగిలేది రసమే."

పంచదార డబ్బా తీసి, మామ్మగారి మొహం వంక చూసి కొంచెం జంకింది. ఆరు తరాల వాళ్ళు గింజ పంచదార తగలనివ్వకుండా చేసుకున్న సరుకు. మామ్మగారు డబ్బా అందుకుని, గరిటెడు పంచదార తనే పోసింది. చిటికెన వేలు ముంచి నాలిక్కి రాసుకుని, ఇంకో అరగరిటె వేసింది.

గిన్నె పొంగింది. ఆవిరి వంటిల్లు దాటి, హాలు దాటి, మెట్ల మీదకి పాకింది. ఆ ఆవిరిలో తడిమట్టి వాసన వచ్చింది, ఎండ వాసన వచ్చింది, చెమట పట్టిన మనుషుల వాసన వచ్చింది. బుట్టలు కింద దించుతున్న చప్పుడు, ఎవరో దగ్గు, ఎవరో ఆడపిల్ల కూనిరాగం. ఎప్పుడో పోయిన వాళ్ళందరూ వంటింట్లో కిక్కిరిసి నిలబడ్డట్టు రత్నకుమార్ గోడకి ఒత్తుకుపోయాడు. వాళ్ళు ఒక్కొక్కరే కిటికీలోంచి వెళ్ళిపోయారు. పై అంతస్తు ముసలాయన తలుపు తీసి మెట్ల మీద నిలబడి, ఎందుకో తెలీకుండానే ఏడ్చాడు. సిల్వీ కిటికీ ఇంకాస్త తెరిచి, "చ్యూస్" అని వాళ్ళకి చెయ్యి ఊపి సాగనంపింది.

చల్లారాక మేరీకుమారి వడకట్టి జాడీలో పోసింది. రత్నకుమార్‌కి ఒక సంగతి అప్పుడు తెలిసొచ్చింది. గొంతు ఎండలేదు. కాని ఛాతీలో బరువు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. దాహం పోతే ఇక దాని వెనక దాక్కోవడానికి కూడా లేదు.

ఆదివారం నలుగురూ ట్రామ్ ఎక్కారు. హాల్లో మామ్మగారు రత్నకుమార్ పక్కనే, తలుపు దగ్గర కుర్చీలో కూర్చుంది. ముందు వరసలోని ప్రవీణ అనే ఆవిడ వెనక్కి తిరిగి, "బాగున్నారా మామ్మగారూ" అని పలకరించింది. పాటలయ్యాయి. శశికాంత్ గారు రొట్టె విరిచారు. అందరూ మెల్లగా ఇంకో పాట పాడుతుంటే అఖిల్ కప్పుల పళ్ళెం పట్టుకుని వరస వరసకీ తిరిగాడు. వెనక వరసకొచ్చేసరికి అలవాటు ప్రకారం రత్నకుమార్‌ని దాటి మామ్మగారి ముందు పళ్ళెం పట్టాడు. ఆవిడ ఒక కప్పు తీసుకుంది. తాగలేదు. ఊదారంగు వేళ్ళతో దాన్ని రత్నకుమార్ ముందుకి చాచింది.

అతను తల అడ్డంగా ఊపాడు. ఆవిడ చెయ్యి అలాగే ఉంచింది.

పాట ఆగిపోయింది. ఒక్కొక్కరే వెనక్కి తిరిగారు. రత్నకుమార్ లేచి నిలబడ్డాడు.

"నేను దీనికి తగనండి" అన్నాడు. "మొక్కు కాదు. మా నాన్న మీద దొంగతనం పడింది. ఆయన దొంగ కాదండి. తాళంచెవి దిండు కిందనించి తీసింది నేను. పండగ ముందు రోజు సంస్కారం సీసా తాగేసింది నేను. నాన్నకి తెలుసు. తెలిసి కూడా నా పేరు చెప్పలేదు. అలాగే పోయాడు. నేను ఇన్నేళ్ళూ చెప్పలేదు. మేరీకి కూడా చెప్పలేదు."

మేరీకుమారి అతన్నే చూస్తోంది. మామగారి ఆఖరి ఆరు నెలలూ ఆయనకి గంజి తాగించింది ఆవిడే. 'నేను తియ్యలేదమ్మా' అని ఒక్కసారి అంటే చాలు, నమ్ముదామని కనిపెట్టుకుని ఉంది. ఆయన అనలేదు. ఎందుకు అనలేదో ఇప్పుడు తెలిసింది. ఆవిడకి ఏడుపొచ్చింది, ఒళ్ళుమండే కోపమూ వచ్చింది. రెండూ దిగమింగుకుని వెనక వరస దాకా నడిచొచ్చింది.

"ఇంటికెళ్ళాక మీతో నాకు చాలా ఉంది" అంది. "ముందు ఆ కప్పు తీసుకోండి. పెద్దావిడ చెయ్యి నొప్పెడతాది."

రత్నకుమార్ తీసుకున్నాడు. తాగాడు. తియ్యగా ఉంది, లవంగం ఘాటు తగిలింది. దాని అడుగున ఎప్పటిదో ఎండ ఉంది. మత్తు చుక్కైనా లేదు. ఇంత చిన్న గుక్కకా పదకొండేళ్ళు భయపడ్డాను అనుకుని, అందరి ముందూ కుర్చీలో కూర్చుని ఏడ్చాడు. సిల్వీ వచ్చి ఒళ్ళో తల పెట్టుకుంది.

ఖాళీ కప్పు మామ్మగారు తీసుకుంది. అడుగున మిగిలిన చుక్క నాలిక మీద ఒంపుకుంది. కళ్ళు మూసుకుంది.

ఆవిడ ఎప్పుడు వెళ్ళిందో ఎవరూ చూడలేదు. ఆరాధనయ్యాక చూస్తే కుర్చీ ఖాళీగా ఉంది. తలుపు దాకా చెక్క బూట్ల అచ్చులున్నాయి. ఎర్రమట్టి పొడిపొడిగా ఎండిపోయి ఉంది. మేరీకుమారి చీపురు తెచ్చింది గాని, ఊడవలేక పక్కన పెట్టేసింది.

అందరూ కోట్లు తొడుక్కుంటుంటే భావన బ్యాగంతా వెతుకుతోంది. "హాలు కీ ఇందులోనే వేశానండి. గంటలో నా రైలు. ఎవరికి ఇవ్వాలో కూడా అనుకోలేదు..." అంటూ ఆగిపోయింది. ఎవరికి ఇవ్వాలనేది ఇంతకుముందున్నంత తేలిక కాదిప్పుడు. ప్రవీణ నేల వంక చూసింది. ఇంకెవరో దగ్గారు. తాళంచెవి దొంగిలించినవాడు అక్కడే, తలుపు పక్కన నిలబడి ఉన్నాడు.

"అక్కా, ఇదేనా?" అన్నాడు అఖిల్.

మామ్మగారి కుర్చీలో ఇనప తాళాల గుత్తి ఉంది. తుప్పు పట్టిన పెద్ద పెద్ద చెవుల మధ్య, హాలు తాళంచెవి కొత్త స్టీలుతో మెరుస్తోంది. కుర్రాడు గుత్తి ఎత్తాడు. ఎవరికి ఇవ్వాలో తెలీక శశికాంత్ గారి వంక చూశాడు. ఆయన గుత్తిని చూశారు, ఎండిన అచ్చులని చూశారు. కోటు గుండీలు నిదానంగా పెట్టుకున్నారు.

"లైట్లు నేను తీసేస్తాను అన్నయ్యా" అన్నారు రత్నకుమార్‌తో. "తాళం మీరు వేసి రండి."

భావన ఏదో అనబోయి, గుత్తి తనే అందుకుని రెండు చేతులతో రత్నకుమార్ చేతిలో పెట్టింది.

అందరూ బయటికి నడిచారు. ట్రామ్ స్టాపు దగ్గర మేరీకుమారి ఖాళీ జాడీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మొగుడి కోసం ఎదురుచూస్తోంది, ఇంటికెళ్ళాక ఎక్కడ మొదలుపెట్టాలో ఆలోచిస్తోంది. రత్నకుమార్ తలుపు దగ్గరికి లాగి, చెవి తిప్పాడు. ఒకసారి లాగి చూశాడు. తలుపు కదల్లేదు.

రెండోసారి లాగాడు.